చెట్టు రాసుకున్న పొగ లెక్క

సామిల్లులో టేకు దుంగను అడ్డంగా కోస్తే గుండ్రటి గీతలు కనిపిస్తాయి. చెరువులో రాయి పడితే లేచే అలల్లా, ఒకదాని చుట్టూ ఒకటి. వాటిని లెక్కపెడితే చెట్టు వయసు తెలుస్తుందని బడిపిల్లలకీ తెలుసు. కానీ ఆ గీతలు చెప్పేది వయసొక్కటే కాదు. ఏ ఏడు వానలు మొహం చాటేశాయో, ఏ ఏడు నుంచి గాలిలో పొగ పెరిగిందో... ఆ కబుర్లూ అందులో ఉంటాయి. చదవడం రావాలంతే!

ఏడాదికో గీత

జగిత్యాల జిల్లా బుగ్గారం పరిసరాల వాళ్లకు టేకు కొత్త చెట్టేం కాదు. గోదావరి వెంట అడవుల్లో తనంతట తానే పెరిగే చెట్టు అది. ఎండలు ముదిరేనాటికి ఆకు రాల్చేసి మోడులా నిలబడుతుంది. తొలకరి పడగానే చిగురు వేసి మళ్లీ ఎదగడం మొదలుపెడుతుంది. అప్పుడు తయారయ్యే చెక్కలో నీళ్లు మోసే గొట్టాలు పెద్దవిగా ఉంటాయి. వానలు వెనకబడేకొద్దీ చిన్నవైపోతాయి. ఈ తేడానే కంటికి గీతలా కనిపిస్తుంది. మామిడి లాంటి చెట్లలో ఈ హద్దు అంత స్పష్టంగా ఉండదు. అందుకే మన దేశంలో ఈ పరిశోధన చేసేవాళ్లకు టేకు అంటే అంత మక్కువ.

గీతలు చదివే విద్యకు ఆద్యుడు అమెరికా ఖగోళ శాస్త్రవేత్త ఎ.ఇ.డగ్లస్. సూర్యుడి మీది మచ్చలకూ వాతావరణానికీ సంబంధం వెతుకుతూ చెట్ల దగ్గరికొచ్చాడు. 1937లో అరిజోనా విశ్వవిద్యాలయంలో ఇందుకోసం ప్రత్యేకంగా ప్రయోగశాలే పెట్టాడు. మన దగ్గర లఖ్‌నవూలోని బీర్బల్ సాహ్ని సంస్థ, పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ ఈ పని చేస్తున్నాయి. కేరళ టేకు చెట్ల సాయంతో అయిదు వందల ఏళ్లకు పైబడిన వానల చరిత్రను పుణె శాస్త్రవేత్తలు రాబట్టారు.

ఇందుకు చెట్టును కొట్టాల్సిన పనిలేదు. బోలుగా ఉండే బర్మా లాంటి పరికరాన్ని కాండంలోకి తిప్పి, పెన్సిలుకన్నా సన్నని పుల్లను బయటికి లాగుతారు. బెరడు నుంచి నడిబొడ్డు దాకా ఉన్న గీతలన్నీ ఆ పుల్లలో వరసగా ఉంటాయి.

పొగ ఎలా చేరుతుంది?

బొగ్గు కాలితే గంధకపు పొగ వస్తుంది. అది ఆకుల మీది సన్నని రంధ్రాల్లోంచి లోపలికి వెళ్తుంది. ఆకు దెబ్బతిని, రంధ్రాలు మూసుకుంటాయి. బూడిద, దుమ్ము ఆకును కప్పేస్తే ఎండ అందదు. ఆకు వండలేకపోతే చెట్టుకు తిండేదీ? ఆ ఏటి గీత సన్నబడిపోతుంది.

అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో దీనికి గట్టి రుజువు దొరికింది. అక్కడి ఎర్ర దేవదారుల్లో కొన్నింటి వయసు 500 ఏళ్లు. ఒహాయో నదీ లోయలోని బొగ్గు విద్యుత్ కేంద్రాల పొగ గాలివాటున వాటి మీదికే వచ్చేది. ఏళ్ల తరబడి వాటి ఎదుగుదల కుంగిపోయింది. 1970లో ఆ దేశం గాలి శుభ్రత చట్టాన్ని కఠినం చేసింది. మరో పదేళ్లకు చెట్లు మళ్లీ పుంజుకున్నాయి! గీతల వెడల్పుతోపాటు చెక్కలోని కార్బన్, గంధకం ఐసోటోపులనూ పరీక్షించి 2013లో శాస్త్రవేత్తలు ఈ సంగతి ప్రకటించారు.

రష్యాలోని నోరిల్స్క్‌లో కథ ఇంకా విషాదం. అక్కడి నికెల్, రాగి కర్మాగారాల పొగకు అడవులకు అడవులే ఎండిపోయాయి. ఏ చెట్టు ఏ ఏడు చనిపోయిందో దాని చివరి గీతే చెప్పింది.

తొందరపడితే తప్పు

సన్నని గీత కనిపించగానే నేరం పొగమీద మోపలేం. కరవు వచ్చినా గీత సన్నబడుతుంది. పురుగు ఆకును తినేసినా అంతే. పక్క చెట్టు నీడపట్టినా అంతే. ఒక్కోసారి వానల మధ్య పొడి వస్తే టేకు ఒకే ఏడాదిలో రెండు గీతలు గీసి బురిడీ కొట్టిస్తుంది కూడా! అందుకే ఒక్క చెట్టు సాక్ష్యాన్ని శాస్త్రవేత్తలు నమ్మరు. పదుల చెట్ల గీతల్ని పక్కపక్కన పెట్టి పోలుస్తారు. ఊళ్లో పంచాయితీ లాగే... నలుగురూ ఒకే మాట చెబితేనే తీర్పు!

పోల్చడానికి ఉత్తర తెలంగాణ తగిన చోటే. బుగ్గారానికి తూర్పున, గోదావరి వెంటే రామగుండం ఉంది. అక్కడ 1971 నుంచే చిన్న థర్మల్ కేంద్రం నడిచింది. ఎన్టీపీసీ తొలి యూనిట్ 1983లో మొదలైంది. క్రమంగా ఆ కేంద్రం సామర్థ్యం 2600 మెగావాట్లకు చేరింది. 2023లో దాని పక్కనే 800 మెగావాట్ల కొత్త యూనిట్ జాతికి అంకితమైంది. పొగ గొట్టాలకు దగ్గరున్న టేకునూ, దూరంగా బుగ్గారం వైపున్న టేకునూ తీసుకుంటే... కరవు వస్తే రెండు చోట్లా గీత సన్నబడాలి. 1983 తర్వాత ఒక్క దగ్గరి చెట్లలోనే సన్నబడితే మాత్రం ఆలోచించాల్సిందే. సన్నబడకపోతే అదీ మంచి కబురే!

మీటరు లేని చోట...

ఇంత శ్రమ ఎందుకంటే, గాలిని కొలవడం మన దేశానికి ఆలస్యంగా అలవాటైంది. జాతీయ స్థాయిలో ఆ కార్యక్రమం 1984లో ఏడు కేంద్రాలతో మొదలైంది. ఊపిరితిత్తుల లోతుల దాకా వెళ్లే అతి సన్నని ధూళికి పరిమితి పెట్టింది 2009లోనే. అంతకుముందు పల్లెల్లో జనం పీల్చిన గాలి ఎలాంటిదో చెప్పే కాగితం దొరకదు. దగ్గుతో, ఆయాసంతో పోయిన పెద్దల గురించి 'వయసు మీదపడింది' అనుకుని సరిపెట్టుకున్నాం. ఆ గాలినే పీల్చిన చెట్లు ఇంకా అక్కడక్కడా నిలబడి ఉన్నాయి.

అవీ తరిగిపోతున్నాయి. రోడ్డు వెడల్పు కోసం, కొత్త ఇంటి దర్వాజాల కోసం పాత టేకు నేలకొరుగుతోంది. రంపపు పొట్టులో దశాబ్దాల లెక్క కొట్టుకుపోతోంది. పడిపోయిన చెట్టు నుంచి జానెడు మందం బిళ్ల కోయించి, ఊరిపేరూ కొట్టిన ఏడాదీ రాసి బడిలో ఉంచితే చాలు. పిల్లలు బెరడు దగ్గర్నుంచి లోపలికి లెక్కపెట్టుకుంటూ తాము పుట్టిన ఏటి గీతను గుర్తుపడతారు. ఇంకాస్త లోపలికెళ్తే నాన్న పుట్టిన ఏడు, తాత పుట్టిన ఏడు! రేపు ఏ శాస్త్రవేత్తో వచ్చి ఆ ఊరి గాలి చరిత్ర అడిగితే చూపించడానికి ఓ సాక్ష్యమూ ఉంటుంది.