వేట ఆగిన రెండు నెలలు

ఏటా ఏప్రిల్ 15 వచ్చేసరికి బందరు పక్కన గిలకలదిండి హార్బర్‌లో మరబోట్లు ఆగిపోతాయి. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక జూన్ 14 దాకా, అంటే 61 రోజులు, తూర్పు తీరమంతా వేట నిషేధం. దాదాపు ఆ రోజుల్లోనే బడులకు వేసవి సెలవులు. సముద్రాన్ని పుట్టినప్పటి నుంచి ఎరిగినవాళ్లు ఒడ్డున ఖాళీగా కూర్చుంటారు. ఏడాదికోసారి చూసేవాళ్లు పిల్లాజెల్లాతో నీళ్లలోకి దిగుతారు.

అలా దిగేవాళ్లలో కృష్ణా జిల్లా ఘంటసాల ఊరివాళ్లూ ఉంటారు. ఆ ఊరికి సముద్రం కొత్త కాదు. రెండో శతాబ్దంలో భూగోళవేత్త టాలెమీ రాసిన కంటకోస్సిల అనే రేవు ఈ ఊరేనని చరిత్రకారులు గుర్తించారు. ఇక్కడి బౌద్ధ స్తూపం, మ్యూజియం ఆ రోజుల వైభవానికి సాక్ష్యాలు. ఇప్పుడు ఊరివాళ్లు అల చూడాలంటే బందరు మీదుగా మంగినపూడికి పోవాలి, లేదా చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, కోడూరు దాటి హంసలదీవి చేరాలి. రోహిణి కార్తె ఎండల్లో ఇళ్లు కొలిమిలా కాగుతుంటే, పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో సర్దుకుని ఆటో మాట్లాడుకుని బయల్దేరడం కంటే హాయి ఏముంది? వెళ్లాల్సిందే. కొడుకు మొదటిసారి ఉప్పునీళ్లు నోట్లోకి పోయి మొహం చిట్లించడం ఏ తల్లి చూడాలనుకోదు?

మంగినపూడి తీరు వేరు. తెల్లటి ఇసుక తక్కువ, నల్లమట్టి ఎక్కువ. లోతు తక్కువ కావడంతో చాలా దూరం నడిచినా నీళ్లు మోకాళ్లు దాటవు. పిల్లలకు మంచిదని పేరు తెచ్చిపెట్టింది ఈ గుణమే, ప్రమాదం దాగి ఉన్నదీ ఇందులోనే. మోకాలి లోతే కదా అని అరగంట లోపలికి నడిచినవాడు, పోటు మొదలయ్యాక అంత దూరమూ వెనక్కి రావాలి. అమావాస్య, పున్నమి రోజుల్లో పోటు మరీ ఎక్కువ. కృష్ణమ్మ కడలిలో కలిసే హంసలదీవి దగ్గర సంగతి ఇంకోలా ఉంటుంది. నది తోపు, సముద్రం ఎదురుతోపు ఒకే చోట తలపడతాయి. అడుగున ఇసుక మేటలు ఏడాదికోలా మారతాయి. పోయినేడు స్నానం చేసిన చోటే ఈసారీ దిగితే సరిపోతుందన్న భరోసా అక్కడ పనికిరాదు.

డెల్టా పిల్లలకు కాలవ ఈత వస్తుంది. అది గొప్ప విద్యే. కానీ కాలవలో నీళ్లు ఒకవైపే పోతాయి, ఏ గట్టు చూసినా పది బారల దూరమే. సముద్రం అలా కాదు. అలలు ఒడ్డుకు తెచ్చిన నీరంతా మళ్లీ వెనక్కి పోవాలి. ఇసుక మేటల మధ్య పల్లం ఎక్కడ దొరికితే అక్కడ గుమిగూడి, సన్నని పాయలా వడిగా లోపలికి దూసుకుపోతుంది. రిప్ కరెంట్ అనేది దీన్నే. ఒక్కోసారి సెకనుకు రెండు మీటర్ల దాకా వేగం అందుకుంటుంది. ఎంతటి ఈతగాడైనా దానికి ఎదురీదలేడు. ఒడ్డు నుంచి చూస్తే అక్కడ అలలు విరగవు, నీరు నిమ్మళంగా, కాస్త బురదగా కనిపిస్తుంది. అల లేని చోటే మంచిదనుకుని పిల్లల్ని సరిగ్గా అక్కడే దింపేవాళ్లు ఎందరో!

చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు. వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి కేకవేయాలి. ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. పాయ సన్నది కాబట్టి దాన్ని దాటితే అలలే ఒడ్డుకు తోస్తాయి. ఒడ్డున ఉన్నవాళ్లు వెంటనే దూకితే ఒక చావు రెండవుతుంది. తాడో, ఖాళీ డబ్బానో, గాలి నింపిన ట్యూబో విసరాలి. బయటికి తీసిన మనిషిని తలకిందులు చేసి తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం మానాలి. ఊపిరి లేకపోతే నోట్లో నోరు పెట్టి ఊదాలి, ఛాతీ నొక్కాలి, 108కి ఫోన్ చేయాలి. సముద్రంలో కొట్టుకుపోతున్నవారి కోసం కోస్ట్ గార్డ్ నంబరు 1554.

ఇవేవీ తెలియక పోయిన ప్రాణాలు తక్కువేమీ కావు. 2022 జులైలో అనకాపల్లి దగ్గర పూడిమడక తీరంలో సరదాగా దిగిన ఇంజనీరింగ్ విద్యార్థులు అలలకు బలయ్యారు. 2024 జూన్‌లో బాపట్ల జిల్లా రామాపురంలో ఒకే రోజు నలుగురు యువకులు మునిగిపోయారు. ఆ తర్వాత అక్కడి బీచ్‌లకు కొన్నాళ్లు ఎవరినీ రానివ్వలేదు. బీచ్ మూసేయడం తేలిక. దానివల్ల బజ్జీల బండి పెట్టుకున్న ఆడమనిషి నోటికాడి కూడు పోతుంది, కుర్రాళ్లు కాపలా లేని ఇంకో ఒడ్డు వెతుక్కుంటారు. ప్రమాదం చోటు మారుతుందంతే.

ఈ నేలకు సముద్రం ఎంత కఠినమో ఎవరూ చెప్పక్కర్లేదు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమలో వేలమందిని మింగింది. ఆ సంఖ్య పదివేలకు తక్కువ కాదు. పన్నెండున్నరేళ్ల తర్వాత, 1990 మే 9న, సెలవుల్లోనే, మళ్లీ అంతటి తుఫాను కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. ఈసారి హెచ్చరిక ముందే అందింది, లక్షల మందిని తరలించారు. మృతులు వెయ్యి లోపే. ఆ తేడా వెనక రాడార్లు, మైకులు, తుఫాను షెల్టర్లు, చెప్పిన మాట విన్న జనం ఉన్నారు. 2004 డిసెంబరు 26న, పున్నమినాడు, ఏ హెచ్చరికా లేకుండా సునామీ వచ్చింది. రాష్ట్రంలో వందమందికి పైగా పోయారు. ఆ అనుభవం తర్వాతే హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం వెలిసింది. ఉప్పెనకూ సునామీకీ ఏర్పాట్లు చేసుకున్న మనం, మామూలు ఆదివారానికి మాత్రం ఏమీ చేసుకోలేదు.

కార్తీక పున్నమికి మంగినపూడిలో, మాఘ పున్నమికి హంసలదీవిలో పోలీసులు, పడవలు, గజ ఈతగాళ్లు అందరూ ఉంటారు. మే నెల ఆదివారం సాయంత్రం వచ్చేవాళ్లు మాత్రం మనుషులు కారా?

మామూలు ఆదివారానికీ కాపలా ఉంటే ఏమవుతుందో ఆస్ట్రేలియాలోని బోండై బీచ్ చెబుతుంది. 1938 ఫిబ్రవరి 6న, జనం కిక్కిరిసి ఉన్న ఆదివారం, వరుస అలలు సుమారు 250 మందిని లోపలికి లాగేశాయి. ఆ సమయానికి అక్కడ పదుల సంఖ్యలో శిక్షణ పొందిన రక్షకులు ఉన్నారు. ఐదుగురు తప్ప అందరూ బతికారు. ఎరుపు పసుపు జెండాలు రెండు పాతి, వాటి నడుమే స్నానం చేయమనే పద్ధతి ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. రెండు జెండాలకు, రెండు ట్యూబులకు, ఒక ఎత్తైన కుర్చీకి ఎంత ఖర్చవుతుంది?

మనుషులు కూడా దొరికే కాలమే ఇది. వేట నిషేధ భృతిగా రాష్ట్ర ప్రభుత్వం 2025 నుంచి మత్స్యకార కుటుంబానికి 20 వేలు ఇస్తోంది. అది తిండికి సరిపోతుందేమో కానీ రెండు నెలలు ఊరికే కూర్చోవడం ఎవరికీ ఇష్టం ఉండదు. గిలకలదిండి, హంసలదీవి దగ్గరి పాలకాయతిప్ప యువకుల్లో ఇష్టపడినవారికి కొన్ని రోజులు ప్రథమ చికిత్సలో శిక్షణ ఇచ్చి, రోజు కూలి మీద ఒడ్డున నిలబెట్టాలి. పాయ ఎక్కడ పుట్టిందో నీటి రంగు చూసి చెప్పగలిగేది వాళ్లే. ఆ జీతం భృతికి అదనంగా ఉండాలి, భృతిలో కోత కాకూడదు.

కలెక్టర్ గారూ, పర్యాటక శాఖ అధికారులూ, మంగినపూడి, హంసలదీవి పరిధిలోని సర్పంచులూ! ఏప్రిల్ 15కి ముందే ఆ జెండాలు పాతండి. జూన్ 12న బడి తెరిచినప్పుడు ఏ తరగతిలోనూ ఒక పేరు పిలిచాక నిశ్శబ్దం ఉండకుండా చూడండి.