పళ్ళెంలో కృష్ణానది

పిల్లలూ! నది సముద్రంలో కలిసేచోట ఒండ్రు పేరుకుని డెల్టా ఏర్పడుతుందని పరీక్షలో వ్రాసి, మరునాడే మరిచిపోయినవారు మీలో ఎందరు? నేనూ ఆ కోవలోవాణ్ణే. ఈ నెల ఆ డెల్టాను మన చేత్తోనే చేద్దాం.

వెడల్పాటి, లోతైన రేకు పళ్ళెం తీసుకుని, ఒక చివర కింద ఇటుక ముక్క పెట్టండి. ఎత్తుగా ఉన్నవైపు మూడింట రెండు వంతుల మేర తడి ఇసుకలో కాస్త బంకమన్ను కలిపి పరవండి. పల్లంవైపు రెండు వేళ్ళ లోతు నీళ్ళు పోయండి. అదే బంగాళాఖాతం! ఇక అడుగున సన్నని చిల్లు ఉన్న డబ్బాతో పైనుంచి నీటిధార వదలాలి.

వదిలేముందు, నది ఏ దారిన పోతుందో అందరూ పందెం వేసుకోండి. చాలామంది ఓడిపోతారు. నీరు ఇసుకను కోసుకుంటూ వంకరటింకరగా దిగి, సముద్రం చేరగానే జోరు తగ్గుతుంది. జోరు తగ్గిన నీరు బరువు మోయలేదు. ముతక ఇసుక అక్కడే విసనకర్రలాగా మేట వేస్తుంది. సన్నని మన్ను ఇంకా దూరం పోతుంది. మేట అడ్డం రాగానే నది పక్కకు తిరిగి మరో పాయ తీస్తుంది. పులిగడ్డ దగ్గర కృష్ణ కూడా రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయల మధ్య నేలే దివిసీమ.

అన్నట్టు, పళ్ళెంలో సముద్రం పెరిగిపోకుండా గరిటెతో తోడేస్తూ ఉండండి. మొదటిసారి నేనది మరిచి, నా డెల్టానంతా ముంచేశాను!

ఇప్పుడు మేటకు కొంచెం ఎగువన, నదికి అడ్డంగా ఒక పలకముక్క నిలపండి. అది ఆనకట్ట. ఇసుక దాని వెనకే ఆగిపోతుంది. చెక్కముక్కతో సముద్రంలో చిన్న అలలు లేపండి. మేట అంచు కరిగిపోతూ ఉంటుంది. పాత ఇసుక పోతున్నది, కొత్తది రావటం లేదు.

ఇది ఉత్త ఆట కాదు సుమా. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలారు. ఎన్నో బీడు భూములు పండాయి. కాని ఆ జలాశయమూ, ఎగువనున్న మిగతావీ కృష్ణ తెచ్చే ఒండ్రును చాలావరకు పట్టి ఉంచుతున్నాయి. డెల్టా అంచున చాలాచోట్ల సముద్రం నేలను కోసుకుపోతున్నదని శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. ఆ అంచున ఊళ్ళున్నాయి. 1977 నవంబరు ఉప్పెనలో వేలమందిని పోగొట్టుకున్న దివిసీమ అక్కడిదే.

మన పళ్ళెం అన్నీ చూపించదు. అక్కడ వేల ఏళ్ళ పని ఇక్కడ అరగంటలో అయిపోతుంది. పైగా అక్కడ మట్టిని వేళ్ళతో పట్టి ఉంచే మడచెట్లున్నాయి. గరికను వేళ్ళతో సహా తెచ్చి మేట అంచున నాటి, మళ్ళీ అలలు లేపండి. ఏం తేడా కనిపించిందో మాకు వ్రాయండి.