పాత గుడ్డకు అద్దాల ఫ్రేమా!

హాల్లో గోడ మీద పాత కలంకారీ, దాని పక్కన అమ్మమ్మల నాటి పట్టుచీర కొంగు. 'వింటేజ్' అట. సేకరించుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

కానీ పాతబట్ట అందరికీ ముచ్చట కాదు మిత్రులారా. చండాలురు శవాల మీది బట్టలే కట్టుకోవాలంది మనుస్మృతి (10వ అధ్యాయం, 52వ శ్లోకం). ఒంటిమీది బట్టే అంటరానితనానికి గుర్తు. 1927లో మహద్‌లో అంబేద్కర్ మన ఆడవాళ్లను చీరకట్టు మార్చమన్నది అందుకే.

మా ఇళ్లలో పాతచీరలు గోడెక్కలేదు, బొంతలయ్యాయి. ముతక నూలు నేసిన మాల నేతగాళ్ల ఊసు నేను చూసిన ఏ ఫ్రేము కిందా లేదు. ఊరి పేరు రాస్తారు, రంగు పేరు రాస్తారు. నేసిందెవరని అడిగితే మాత్రం 'కళలో కులమేంటి మేడమ్' అంటారు.

సరే, మా అమ్మ కుట్టిన బొంత తెస్తాను. మీ హాల్లో వేలాడదీస్తారా?