బొగ్గు మ్యాపులో మన ఊరు ఎక్కడుంది?

పోస్ట్ కొంచెం పెద్దదే, ఓపిక చేసుకొని చదవండి.

ఈ సెమిస్టర్‌లో మాకు జీఐఎస్ ప్రాక్టికల్ ఉంది. గోదావరి లోయ బొగ్గు మీద సార్ ఒక పట్టిక ఇచ్చారు. ఒక్కో బోరు ఎక్కడ వేశారు, ఎంత లోతులో బొగ్గు తగిలింది, బూడిద ఎంత శాతం, కిలో కాలిస్తే ఎన్ని కిలోకేలరీల వేడి, అంతే. కంప్యూటర్‌కు ఇస్తే నిమిషంలో రంగుల మ్యాపు వచ్చింది. మంచి బొగ్గు ఎరుపు, నాసి బొగ్గు నీలం. మేం హాస్టల్ పిల్లలం చప్పట్లు కొట్టినం. తర్వాత చూస్తే ఎర్ర మరకల కింద మా ఊళ్లే ఉన్నయ్. ఊళ్ల పేర్లు మాత్రం లేవు.

అసలు సంగతి ఏందంటే, ఆ రంగంతా కొలిచింది కాదు. కొలిచింది బోర్ల దగ్గరే. మధ్యలో ఉన్నదంతా అంచనా. దగ్గరి బోరు మాటకు ఎక్కువ విలువ, దూరపు బోరు మాటకు తక్కువ విలువ ఇచ్చి కంప్యూటర్ లెక్క కడుతది. భూమిలో పగులు ఉంటే బొగ్గు పొర ఒక్కసారిగా కిందికో పైకో జరుగుతది. మన లోయలో అలాంటి పగుళ్లు చాలా ఉన్నయ్. పగులు ఎక్కడుందో మనం చెప్పకపోతే కంప్యూటర్ దాని మీద నున్నగా రంగు పూసేస్తది. 2012 నుంచి బొగ్గుకు జీ-1 నుంచి జీ-17 దాకా గ్రేడ్లు. జీ-2 నుంచి ఒక్కో గ్రేడు వెడల్పు 300 కిలోకేలరీలే. అంచనా కొంచెం తప్పినా గ్రేడు మారిపోతది, ధర మారిపోతది. క్రిగింగ్ అనే పద్ధతిలో చేస్తే లెక్క ఎక్కడ ఎంత తప్పొచ్చో చూపే ఇంకో మ్యాపు కూడా వస్తది. మన ఊళ్లల్లో దాన్ని ఎవరూ చూపించలేదు.

"బొగ్గు నాణ్యత కంపెనీ పని, మనకెందుకు" అని మా సీనియర్లే అన్నారు. మేం ఒప్పుకోం. తవ్వాలా వద్దా అనేది మొదలయ్యేదే ఆ మ్యాపు దగ్గర. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకునే ముందు గ్రామసభనో పంచాయతీనో సంప్రదించాలని 1996 పెసా చట్టం చెప్తున్నది. సంప్రదించడమంటే సంతకాలు తీసుకోవడమేనా? రెండు మ్యాపులూ రచ్చబండ దగ్గర పెట్టి మన భాషలో చెప్పాలి. మేం మ్యాపింగ్‌కు వ్యతిరేకం కాదు. సరిగ్గా చేస్తే అనవసరంగా తవ్వే గుంతలు తగ్గుతయ్.

1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనుక్కున్నాడని జీకే పుస్తకంలో బట్టీ పట్టినం. ఆయనకు అడవిలో దారి చూపింది ఎవరో అందులో లేదు.

క్యూజీఐఎస్ ఉచితం, హాస్టల్‌లో ఉన్న పాత కంప్యూటర్‌లో కూడా నడుస్తుంది. సంక్రాంతి సెలవుల్లో మేం ఫోన్ జీపీఎస్‌తో పోడు చేన్లు, ఇప్పచెట్లు, చెలిమలు, దేవర గద్దెలు, సమాధులు అన్నీ గుర్తించి ఆ ఎర్ర మరక మీద ఇంకో పొరగా వేస్తాం. ముందు పెద్దలను అడిగి, వాళ్లు సరే అన్నవే. వచ్చేవాళ్లు మీ ఊరు, మండలం చెప్పండి. ఛార్జర్ మర్చిపోవద్దు, మా ఊళ్లో కరెంటు సంగతి తెలిసిందే కదా.