ప్రాసెసరుకూ కార్డుకూ జాతకాలు చూసేవారు

పెళ్ళికి జాతకాలు చూసి 36 గుణాలలో ఎన్ని కలిశాయో చెప్పే సిద్ధాంతిగారిని నేనెన్నడూ తప్పుపట్టలేదు. ఆయన కనీసం జన్మనక్షత్రమైనా అడుగుతాడు. తార్నాక వీధులలోనూ, ఉస్మానియా ప్రాంగణపు వసతిగృహాలలోనూ, సికిందరాబాదు అంగళ్ళలోనూ ఇటీవల బయలుదేరిన కొత్త సిద్ధాంతులకు ఆ పట్టింపు కూడా లేదు. ప్రాసెసర్ పేరొకటి, గ్రాఫిక్స్ కార్డు పేరొకటి చెప్పండి చాలు. "14 శాతం బాటిల్‌నెక్, ఈ సంబంధం పొసగదు" అని తీర్పు వెలువడుతుంది. ఏ ఆట ఆడతావు నాయనా అని అడిగినవారు లేరు. నీ మానిటర్ ఎంతది అని అడిగినవారు అసలే లేరు.

ఈ లెక్కలు కట్టే యంత్రాలు అంతర్జాలంలో అనేకం ఉన్నాయి. వాటిని నమ్మి విద్యార్థులు డబ్బు తగలేస్తున్నారు గనుక ఈ నాలుగు మాటలు రాయవలసి వచ్చింది. ఆ డబ్బు వారిది కాదు, చాలాసార్లు ఊళ్ళో ఉన్న తండ్రిది. "ప్రాజెక్టు కోసం" అని ఇంట్లో చెప్పి తెచ్చుకున్నది. (ప్రాజెక్టు మాట పూర్తిగా అబద్ధమని కూడా అనను. ఆ కార్డు మీదే పగలు పాఠం, రాత్రి ఆట నడుస్తున్న గదులు నాకు తెలుసు.)

ముందు విషయం చూద్దాం. ఆటలో తెర మీద కనబడే ప్రతి చట్రమూ, అంటే ఫ్రేమూ, ఇద్దరు పనివాళ్ళ చేతుల మీదుగా వస్తుంది. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, తూటా ఎటు పోయింది, గోడ వెనుక శత్రువు ఏమి ఆలోచిస్తున్నాడు, వీటిని నిర్ణయించి ఫలానా వస్తువును ఫలానా చోట గీయమని ఆజ్ఞలు రాసిచ్చేది ప్రాసెసర్. ఆ ఆజ్ఞల ప్రకారం రంగులు పూసేది గ్రాఫిక్స్ కార్డు. మన ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్ థియేటర్ల ముందు ఒకప్పుడు నిలబెట్టిన చేతిగీత కటౌట్లను గుర్తు తెచ్చుకోండి. హీరో ఏ భంగిమలో ఉండాలో చెప్పేవాడొకడు, గీసేవాడొకడు. కటౌట్ ఇరవై అడుగుల నుండి ఎనభై అడుగులకు పెరిగితే గీసేవాడి చాకిరీ పెరుగుతుంది గాని చెప్పేవాడి మాట పెరగదు. తెర స్పష్టత విషయంలోనూ జరిగేది ఇదే. 1920 అడ్డం 1080 నిలువు తెరలో 20,73,600 చుక్కలు ఉంటాయి. నాలుగు కే తెరలో దానికి సరిగ్గా నాలుగు రెట్లు, 82,94,400. చుక్కలు నాలుగింతలైనా ప్రాసెసర్ పని దాదాపు అంతే ఉంటుంది.

ఇప్పుడొక చిన్న లెక్క. సెకనుకు 60 చట్రాలు రావాలంటే ఒక్కొక్కటి 16.7 మిల్లీసెకన్లలో సిద్ధం కావాలి. 144 రావాలంటే 6.9 మిల్లీసెకన్లలో. ఒక ఆటలో ప్రాసెసర్ తన పనికి 8 మిల్లీసెకన్లు, కార్డు తన పనికి 14 మిల్లీసెకన్లు తీసుకుంటున్నాయనుకోండి. ఇద్దరూ ఒకరి వెంట ఒకరు నిరంతరం పనిచేస్తుంటారు గనుక ఫలితం నెమ్మదివాడి మీదే ఆధారపడుతుంది. సెకనుకు సుమారు 71 చట్రాలు వస్తాయి. డబ్బు పోసి ప్రాసెసర్ పనిని 8 నుండి 4కు తగ్గించినా మీకు వచ్చేది ఆ 71 మాత్రమే. అదే డబ్బుతో కార్డు పనిని 14 నుండి 5కు తెస్తే 125 వస్తాయి, అక్కడ ప్రాసెసర్ అడ్డుపడుతుంది. మరొక ఆట పెట్టండి, రెండు అంకెలూ మారిపోతాయి. అదే ఆటలో నీడల నాణ్యత తగ్గించండి, మళ్ళీ మారతాయి. కనుక ఆటంకం అన్నది జంటకు పుట్టుకతో వచ్చిన దోషం కాదు. ఆ జంట, ఆ ఆట, ఆ తెర, ఆ అమరికలు, ఆ ఘట్టం, ఇన్ని కలిస్తే తేలేది. దానికి శాతం కట్టి అమ్మడం బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడమే.

నాకు దగ్గరగా తెలిసిన రెండు సందర్భాలు చెబుతాను. మొదటిది మా వీధిలో గది తీసుకుని ఇంజనీరింగు చదువుతున్న కుర్రవాడిది. అతని వద్ద 2019 నాటి రైజెన్ 5 3600 ప్రాసెసర్, అదే ఏటి జీటీఎక్స్ 1650 కార్డు ఉన్నాయి. ఆడేది సైబర్‌పంక్ 2077. సెకనుకు 37 చట్రాలు దాటడం లేదని బాధపడుతూ ఒక అంగడికి వెళ్ళాడు. అక్కడ వారు అంతర్జాలంలో పొంతన చూసి, ప్రాసెసర్ పాతబడింది, దానితోపాటు మదర్‌బోర్డు, ర్యామ్ కూడా మార్చాలి, కార్డు సంగతి తరువాత చూసుకోవచ్చు అన్నారు. మొత్తం నలభై వేలకు పైగా తేలింది. ఆ కాగితం పట్టుకుని వచ్చి "అన్నా, ఇది కరెక్టేనా?" అని అడిగాడు.

అతనితో నేను చేయించిన పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఆటలో తెర స్పష్టతను 1080 నుండి 720కి దించమన్నాను. చుక్కల సంఖ్య సగానికంటె తక్కువైంది. చట్రాలు 37 నుండి 63కు ఎగబాకాయి. అంటే ప్రాసెసర్ అప్పటికే 63 ఇవ్వగల స్థితిలో ఉండి కార్డు కోసం ఎదురుచూస్తున్నది. అది ఇంకెంత ఇవ్వగలదో కూడా మనకింకా తెలియదు, ఎందుకంటే 720లో సైతం కార్డు వినియోగం 99 శాతం దగ్గరే ఉంది. నలభై వేలు పోసి అంగడివారు చెప్పినవన్నీ మార్చి ఉంటే అతనికి దక్కేది ఆ 37 మాత్రమే. 8 జీబీ మెమరీ ఉన్న ఆర్ఎక్స్ 6600 కార్డు ఒక్కటీ ఇరవై వేల పైచిలుకుకు కొన్నాడు. చట్రాలు రెట్టింపయ్యాయి.

రెండవది దీనికి పూర్తిగా విరుద్ధం. ప్రాంగణపు వసతిగృహంలో ఉండే మరొకతను అన్నగారు వదిలి వెళ్ళిన ఐ5 4460 యంత్రానికి, అంటే 2014 నాటి నాలుగు కోర్ల ప్రాసెసరుకు, ఆర్‌టీఎక్స్ 3060 తగిలించాడు. ఆడేది కౌంటర్ స్ట్రైక్ 2, అదీ అన్ని అమరికలూ తగ్గించి. పాత కార్డుతో వచ్చిన చట్రాలకూ కొత్త కార్డుతో వచ్చినవాటికీ పట్టుమని పది తేడా లేదు. కార్డు సగం సేపు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటోంది. ఇతనికి మార్చవలసింది ప్రాసెసరే. మొదటివాడికి చెప్పిన సలహా ఇతనికీ, ఇతనికి చెప్పవలసినది మొదటివాడికీ అందాయన్నమాట.

ఇక్కడ చాలామంది పడే గోతి ఒకటుంది. "ప్రాసెసర్ 30 శాతమే వాడుతోంది, కనుక తప్పు దానిది కాదు" అంటారు. ఆ 30 అన్ని కోర్ల సగటు. చాలా ఆటలలో ప్రధానమైన పని ఒకటి రెండు దారాల మీదే నడుస్తుంది. ఎనిమిది కోర్లలో ఒక్కటి ఊపిరాడక చస్తూ మిగిలిన ఏడూ నిద్రపోతుంటే సగటు 12 లేదా 13 శాతమని కనబడుతుంది. చూడవలసింది కార్డు వినియోగాన్ని. అది 95 పైన నిలబడితే కార్డే హద్దు. మీరు ఏ పరిమితీ పెట్టకపోయినా అది 60 దగ్గర తచ్చాడుతుంటే దానికి ఎవరో పని అందించడం లేదని అర్థం.

అయితే పొంతన అన్నదే లేదా అంటే, ఉంది. అసలు కోపం వచ్చేది ఇక్కడే. నిజంగా చెప్పవలసిన పొంతనలను ఈ సిద్ధాంతులు చెప్పరు. 2022 జనవరిలో ఏఎండీ వారు ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ అనే చవక కార్డును విడుదల చేశారు. మెమరీ 4 జీబీ. మదర్‌బోర్డుతో మాట్లాడడానికి నాలుగే లేన్లు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ నాలుగవ తరం బోర్డులో ఆ నాలుగు లేన్లు సెకనుకు దాదాపు 8 జీబీ మోస్తాయి. మూడవ తరంలో అందులో సగమే. 4 జీబీ నిండిపోయి బొమ్మల సామగ్రి ప్రధాన మెమరీ నుండి రావలసి వచ్చిన ఆటలలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనబడింది. చవక కార్డు కొనేది ఎవరు? పాత బోర్డు ఉన్నవాడే. అంటే ఎవరి కోసం అమ్మారో సరిగ్గా వారి యంత్రంలోనే అది కుంటింది.

దీనికి తోడు మరొక విడ్డూరం. 2021లో వచ్చిన రైజెన్ 5 5600జీ మన విద్యార్థులకు ఎంతో ఇష్టమైన ప్రాసెసర్. కార్డు లేకుండానే చిన్న ఆటలు నడుపుతుంది, డబ్బు చేతికందాక కార్డు కొనుక్కోవచ్చునన్నది వారి ఆశ. ఆ ఆశలో తప్పు లేదు. కాని పేరులో 5600 ఉన్నా అది ఇచ్చేది మూడవ తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్ మాత్రమే, బోర్డు ఎంత కొత్తదైనా సరే. దానికి 6500 ఎక్స్‌టీ అంటగట్టడమే అసలైన దుష్ట సంబంధం. పొంతన యంత్రాలు కోర్లు లెక్కపెట్టి "దివ్యంగా కుదిరింది" అనగల జంట ఇది. లేన్ల ఊసే వాటికి పట్టదు.

ఇంటెల్ వారి ఆర్క్ బి580 కథ కూడా ఇటువంటిదే. 2024 డిసెంబరులో 249 డాలర్ల ధరకు 12 జీబీ మెమరీతో వచ్చింది. అందరూ మెచ్చుకున్నారు, కొత్త ప్రాసెసర్లతో పరీక్షించి. 2025 జనవరిలో కొందరు దాన్ని రైజెన్ 5 2600 వంటి పాత ప్రాసెసర్లతో నడిపి చూస్తే మెచ్చుకోలు చల్లబడింది. ఆ కార్డు డ్రైవరు తన పనిలో ఎక్కువ భాగం ప్రాసెసర్ నెత్తిన పెడుతుంది. పైగా రీసైజబుల్ బార్ అనే సదుపాయం లేని బోర్డులో దాన్ని పెట్టనే కూడదు. చవక కార్డుకు ఖరీదైన ప్రాసెసర్ కావాలి, ఇదీ వరస.

పేర్ల మోసం గురించి ఎంత చెప్పినా తక్కువే. జీటీ 1030 అన్న ఒకే పేరు మీద ఒకటి సెకనుకు 48 జీబీ మోసే మెమరీతో, 2018లో వచ్చిన మరొకటి 16.8 జీబీ మాత్రమే మోసే మెమరీతో అమ్ముడయ్యాయి. ఆర్‌టీఎక్స్ 3050లో 8 జీబీది వేరు, 2024లో వచ్చిన 6 జీబీది వేరు. తగ్గింది మెమరీ మాత్రమే కాదు, లోపలి కోర్లు కూడా. ల్యాప్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4060కి 35 వాట్లు ఇచ్చినా అదే పేరు, 115 వాట్లు ఇచ్చినా అదే పేరు. ఇక "ఐ7" అన్న చీటీ చూసి మురిసేవారికి ఒక్క మాట: ఐ7 7500యూ లో ఉన్నవి రెండే కోర్లు. పేరు మాత్రమే అడిగే పొంతన యంత్రం ఇందులో ఏ కార్డుకు జాతకం వేస్తుంది?

పెద్ద ప్రాసెసర్ కొనుక్కుంటే పదేళ్ళు చింత ఉండదు అనే వాదం ఉంది. పెద్దది అంటే ఎక్కువ కోర్లని వీరి భావన. 2022 ఏప్రిల్‌లో ఎనిమిది కోర్ల రైజెన్ 7 5800 ఎక్స్ త్రీడీ వచ్చినప్పుడు అదే వంశంలోని పదహారు కోర్ల 5950 ఎక్స్‌ను ఆటలలో వెనక్కి నెట్టింది. కోర్లు సగం, గడియార వేగమూ తక్కువే. కాని పక్కనే 96 ఎంబీల క్యాష్ ఉంది. కావలసిన సరుకు పక్క గదిలో ఉన్నవాడు, ప్రతిసారీ బజారుకు పరుగెత్తేవాడికంటె ముందు పని ముగిస్తాడు గదా. ఇంకొక సంగతి, ఆ ప్రాసెసర్ 2018 నాటి బి450 బోర్డులలో సైతం బయాస్ మార్చుకుంటే కూర్చుంది. అంటే నాడు మధ్యరకం ప్రాసెసర్ కొని డబ్బు దాచుకున్నవాడికి తరువాత దారి దొరికింది. పదేళ్ళకని అంతా ముందే పోసినవాడి డబ్బు మాత్రం పాతబడింది.

అంగడివారిని దొంగలనను. పొద్దుటినుండి రాత్రిదాకా నిలబడి, ధరలు వారం వారం మారే సరుకు అమ్ముకునేవారు వాళ్ళు. వచ్చినవాడు ఆట పేరు చెప్పడు, కార్డు పేరే చెబుతాడు. వారు మాత్రం ఏం చేస్తారు? 2017 నవంబరులో మెట్రో వచ్చినప్పటి నుండి తార్నాకలో ఎక్కితే ప్యారడైజ్ దగ్గర దిగి చెనాయ్ ట్రేడ్ సెంటరుకు చేరడం నిమిషాల పని. ఆ నిమిషాలలోనైనా ఏ ఆట, ఏ తెర, సెకనుకు ఎన్ని చట్రాలు అని ఒక చీటీ మీద రాసుకోండి. చట్రాల సంఖ్యను బట్టి ప్రాసెసర్, తెరను బట్టి కార్డు. ర్యామ్ ఒకటే పుల్ల ఇస్తానంటే ఒప్పుకోకండి. డీడీఆర్4 3200 రకం ఒక పుల్ల సెకనుకు 25.6 జీబీ మోస్తుంది, రెండు పుల్లలు రెండు దారులలో 51.2 మోస్తాయి. 5600జీ వంటి వాటిలో, కార్డు లేనప్పుడు, ఆట నడవడమూ నడవకపోవడమూ దీనిమీదే ఉంటుంది. మే నెలలో మేడ మీది గదిలో, బయట నలభై డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, గాలి ఆడని డబ్బాలో ఏ జంటా కాపురం చేయలేదు. వేడెక్కిన ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది, అప్పుడూ "బాటిల్‌నెక్" అనే అంటారు.

మొన్నామధ్య అటువంటి తీర్పు పొందిన యంత్రాన్నే ఒకదాన్ని చూశాను. లక్షకు దగ్గర ఖరీదు, ఆట మాత్రం ఇరవై చట్రాల దగ్గర నత్తనడక. ప్రాసెసర్ బలహీనం, మార్చక తప్పదని ఒకరు చెప్పారట. డబ్బా వెనక్కి తిప్పి చూస్తే మానిటర్ తీగ కార్డుకు కాక మదర్‌బోర్డుకు గుచ్చి ఉంది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, అంత కార్డూ లోపల ఖాళీగా కూర్చుంటే ప్రాసెసర్‌లోని బుల్లి గ్రాఫిక్సు ఒక్కటే బొమ్మలన్నీ గీస్తోంది. తీగ తీసి నాలుగు అంగుళాల కిందికి గుచ్చాము.