బంగారు ఫర్మానా, అర్ధరూపాయి కార్డు

1632వ సంవత్సరమున గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీకి ఒక ఫర్మానా నిచ్చెను. ఏటికి ఐదువందల వరహాలు చెల్లించినచో, తన రాజ్యపు రేవులలో వారు ఎంత సరకు కొన్నను, ఎంత అమ్మినను వేరుగా సుంకము కట్టనక్కరలేదని దాని సారము. చరిత్రకారులు దానిని బంగారు ఫర్మానా యందురు. ఆ కాలమున మచిలీపట్టణపు రేవున ఓడకెక్కిన సరకులో ముఖ్యమైనది తెలుగు సాలెవాడు నేసిన బట్ట. ఆ బట్టను కొన్నవాని విన్నపము సుల్తాను చెవికి చేరెను. నేసినవాని విన్నపము ఎవరి చెవికి చేరినదో చరిత్ర చెప్పదు.

అప్పటికి మున్నూట తొంబదిమూడేండ్ల తరువాత, 2025 ఆగస్టు 6వ తేదీన, వాషింగ్టనులోని వైట్‌హౌసులో ఇంచుమించు అట్టి కొలువే జరిగెను. ఆపిల్ కంపెనీ అధిపతి టిమ్ కుక్, అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్‌నకు ఒక కానుక సమర్పించెను. అమెరికాలో చేసిన గాజుఫలకము. దానికి ఇరువదినాలుగు కారెట్ల బంగారు పీఠము. దానితో పాటు అమెరికాలో అదనముగా పదివేల కోట్ల డాలర్ల పెట్టుబడి పెట్టుదునని మాట యిచ్చెను. సెమీకండక్టరు చిప్పులపై ఇంచుమించు నూటికి నూరు వంతుల సుంకము విధింతుననియు, అమెరికాలో కర్మాగారములు కట్టు కంపెనీలకు అది వర్తింపదనియు అధ్యక్షుడు అక్కడనే ప్రకటించెను. ఆనాడే భారతదేశపు సరకులపై మరి యిరువదియైదు వంతుల సుంకము విధించు ఉత్తరువుపై ఆయన సంతకము చేసెను. ఆగస్టు 27 నుండి ఆ సుంకము మొత్తము ఏబది వంతులయ్యెను. బట్టలు, తివాసీలు, రొయ్యలు ఆ భారమును మోసినవి. భారతదేశమున తయారై అమెరికాకు పోవు సెల్‌ఫోనులు మోయలేదు. వానికి ఏప్రిలు నెలలోనే మినహాయింపు లభించియుండెను. ఆ శాతములు ఆ తరువాత ఎట్లు మారినను, ఒకే దినమున ఒకే మందిరమున జరిగిన ఈ రెండు పనులు మరువదగినవి కావు.

సిరిసిల్ల బట్ట అమెరికా దుకాణములలో అమ్ముడుపోవునది కాదు. కావున ఆ సుంకము ఆ యూరికి నేరుగా తగిలినదని చెప్పుట సరికాదు. అయినను ప్రభువు చెవి ఎవరికి దగ్గర, ఎవరికి దూరము అను ప్రశ్న మాత్రము అక్కడి ప్రతి వీధిలోను ఉన్నది. ఆ యూర ముప్పదివేల ప్రాంతము మరమగ్గములు కలవు. ఊరివారు వానిని సాంచెలందురు. యజమాని నూలు తెప్పించి బీములు పోయించి ఇచ్చును. ఆసామి తన సాంచెలపై కూలికి నేయించును. కార్మికుడు పగలనక రాత్రియనక వానిని నడుపును. ఇంటి ఆడవారు కండెలు చుట్టుదురు. వచ్చు నూలు ధర ఆ యూర నిర్ణయమగునది కాదు. పోవు బట్ట ధరయు అక్కడ నిర్ణయమగునది కాదు. ఆ రెంటి నడుమ మిగిలిన సన్నని అంచుమీద ఊరంతయు బ్రదుకుచున్నది.

ఇట్టి యూరికి దైవికముగా ఒక గొప్ప అండ దొరకినది. 2009 నుండి ఆ నియోజకవర్గపు శాసనసభ్యుడు కె. తారకరామారావు. 2014లో తెలంగాణ రాష్ట్ర మేర్పడగానే ఆయన ఐ.టి. మంత్రియయ్యెను; పిదప పరిశ్రమల శాఖయు, చేనేత జౌళి శాఖయు ఆయన చేతికి వచ్చినవి. 2016 మే నెలలో టిమ్ కుక్ హైదరాబాదునకు వచ్చి ఆపిల్ కార్యాలయమును ప్రారంభించినపుడు రాష్ట్రమున ఐ.టి. శాఖ ఆయనదే. ప్రపంచములోని పెద్ద కంపెనీల అధిపతులు కలిసికొనగోరు మంత్రి తమ ప్రతినిధియే యగుట సాంచెలవారికి గర్వకారణమయ్యెను. 2017 నుండి బతుకమ్మ చీరలు నేయు పని వచ్చెను. మొదటి యేట కొంతభాగము సూరత్తునుండి తెప్పించినను, ఆపై ఏటేట కోటి ప్రాంతపు చీరల పని ఆ యూరి సాంచెలకు అందెను. భివండికి, షోలాపురమునకు వలసపోయిన వారిలో కొందరు తిరిగి వచ్చిరి.

2023 డిసెంబరున ప్రభుత్వము మారెను. 2024 బతుకమ్మకు ఆ చీరలు లేవు. పాత బకాయిలు నిలిచిపోయెను. సాంచెల చప్పుడు ఆగిన వీధులలో ఆ యేడు కొందరు నేతకార్మికులు ప్రాణములు తీసికొనిరను వార్తలు పత్రికలలో వచ్చెను. తరువాత 2025లో మహిళాసంఘముల సభ్యులకిచ్చు ఇందిరా మహిళాశక్తి చీరల పని వచ్చి సాంచెలు మరల నడచినవి. ఒక ప్రభుత్వము చీరకు ఒక పేరు పెట్టెను. వేరొక ప్రభుత్వము వేరొక పేరు పెట్టెను. పని యిచ్చినందుకు రెంటిని మెచ్చుకొనవలసినదే. కాని పేరు మారు నడుమ ఖాళీగా నిలిచిన నెలల బాకీని, బియ్యపు దుకాణమునకును, ఇంటి యజమానికిని తీర్చవలసినవాడు కార్మికుడే యయ్యెను.

ఇక్కడనే ఆలోచింపవలసిన మాట యున్నది. సిరిసిల్లకు దొరకినది విధానము కాదు, అనుగ్రహము. అనుగ్రహము మంచిదే కావచ్చును. అది ఇచ్చినవానితో వచ్చి ఇచ్చినవానితో పోవును. గోలకొండ 1687లో మొగలాయీల వశమైనపుడు ఆంగ్ల కంపెనీకిని ఈ పాఠమే కలిగెను. కుతుబ్‌షాహీల ఫర్మానా పట్టుకొని వారు క్రొత్త ప్రభువులకు మరల విన్నవించుకొనవలసివచ్చెను. ధనమును ఓడలును గల కంపెనీ అట్లు మరల పోగలిగినది. నాలుగు సాంచెల ఆసామి ఎన్నిమారులు పోగలడు?

ఆ యూరి అండయైన మంత్రికిని ఢిల్లీలో చెవి దొరకుట సులభము కాలేదు. చేనేత వస్తువులపై జీఎస్టీని తీసివేయవలసినదని 2022 అక్టోబరులో ఆయన ప్రధానికి ఒక పోస్టుకార్డు వ్రాసి, ప్రజలు లక్షలకొలది కార్డులు వ్రాయవలసినదని పిలుపునిచ్చెను. ఐ.టి. మంత్రి చేతిలో అర్ధరూపాయి కార్డు! రాజకీయములో అదియొక ఎత్తుగడ యనువారు అనవచ్చును. ఎత్తుగడయే యైనను, మంత్రిపదవిలో నున్నవాడు సైతము నేతపనివారి పక్షమున మాటాడుటకు పోస్టుకార్డునే ఎన్నుకొనవలసివచ్చెనన్నది గమనింపదగిన విషయము.

ఎవరి విన్నపము ఎంత బలము గలదో తెలిసికొనుటకు ఒక సులభమైన కొలమానము కలదు. తప్పుగా తోచిన ఉత్తరువు సవరింపబడుటకు ఎంత కాలము పట్టినదో చూచిన చాలును.

2023 ఆగస్టు 3న కేంద్ర ప్రభుత్వపు విదేశవాణిజ్య డైరెక్టరేటు, అనుమతిపత్రము లేనిదే ల్యాప్‌టాప్‌లను, టాబ్లెట్లను దిగుమతి చేయరాదని ఉత్తరువిచ్చెను. మరునాడే దాని అమలు అక్టోబరు 31 వరకు వాయిదాపడెను. కంపెనీలు గట్టిగా అభ్యంతరము చెప్పెను. ఆ నెలలోనే అమెరికా వాణిజ్య ప్రతినిధి కాథరిన్ తాయ్ ఢిల్లీకి వచ్చి మంత్రి పీయూష్ గోయల్‌తో ప్రస్తావించెను. అక్టోబరు నాటికి కఠినమైన నిబంధన పోయి సులభమైన పద్ధతి వచ్చెను. మొదటి ఊరట కొక్క దినము, పూర్తి ఊరటకు మూడు నెలలు.

ఇక జగిత్యాల సంగతి. ఆ జిల్లాలో గల్ఫునకు పోయిన మనిషి లేని పల్లె అరుదు. 2020 సెప్టెంబరులో, కరోనా కాలమున, గల్ఫు దేశములకు పోవు భారతీయ శ్రామికులకు నిర్ణయించిన కనీస వేతనపు ప్రమాణమును కేంద్ర ప్రభుత్వము ముప్పది మొదలు ఏబది వంతులవరకు తగ్గించెను. ఉద్యోగములు ఇతర దేశములవారికి పోకుండుటకట! శ్రామికుని చెమట ధరను అతనినడుగకయే అతని ప్రభుత్వమే తగ్గించిన విచిత్రమిది. వలసకార్మికుల పక్షమువారు తెలంగాణ హైకోర్టు తలుపు తట్టిరి. 2021 జూలైలో పాత ప్రమాణమును పునరుద్ధరించిరి. పది నెలలు.

కోరుట్ల సంగతి ఇంకొకటి. కోరుట్లలోను, జగిత్యాల సిరిసిల్లలలోను వేలకొలది ఆడవారు చాటలో తునికాకు, తంబాకు పెట్టుకొని వెయ్యికింతయను కూలికి బీడీలు చుట్టుదురు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినపుడు బీడీపై ఇరువదియెనిమిది వంతులు, తునికాకుపై పదునెనిమిది వంతులు పన్ను పడెను. గిరాకి తగ్గినపుడెల్ల మొదట తగ్గునది చుట్టువారి పనిదినములే. బీడీ ఆరోగ్యమునకు హానియని ఎవరును కాదనరు. కాని ఆ హానిని మాన్పవలెనన్న మొదట ఆ యింటికి వేరొక కూడు చూపవలెను. బీడీపై పన్నును పదునెనిమిదికి, ఆకుపై అయిదింటికి తగ్గింపవలెనని జీఎస్టీ మండలి తీర్మానించినది 2025 సెప్టెంబరు 3న. ఎనిమిదేండ్లు. పాలియెస్టరు నూలుపై అధికముగను బట్టపై తక్కువగను ఉండి సాంచెలవాని డబ్బును బంధించిన పన్నుల తలక్రిందు వరుసయు ఆ సెప్టెంబరు వరకు ఆగినదే.

ఒక దినము, పది నెలలు, ఎనిమిదేండ్లు. ఈ మూడు కాలములను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన, ఏలికలు ఎవరికి దగ్గరయో వేరుగా చెప్పనక్కరలేదు.

దీనికొక సమాధానము కలదు. కంపెనీల అధిపతులు పెట్టుబడి తెత్తురు, ఉద్యోగములు తెత్తురు. వారి మాట వినుటలో తప్పేమి? తప్పు లేదు. సరకు సంగతి సరకు చేయువానికే బాగుగా తెలియును. ల్యాప్‌టాప్ ఉత్తరువు నిజముగనే తొందరపాటు కావచ్చును. కాని వినుట వేరు, విన్నవానికి మాత్రమే మినహాయింపు నిచ్చుట వేరు. నియమమును బట్టి వచ్చు ఊరట అందరిది. ముఖమును బట్టి వచ్చు ఊరట ముఖము చూపగలిగినవానిది. పైగా అది వానికైనను నిలుకడ యైనది కాదు. 2025 సెప్టెంబరు 4న వైట్‌హౌసులో జరిగిన విందునకు కంపెనీల అధిపతులు పలువురు వచ్చిరి. హైదరాబాదు బిడ్డ, మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల వారిలో నొకడు. పదునైదు దినములకు, 19వ తేదీన, హెచ్-1బి వీసా క్రొత్త దరఖాస్తుపై లక్ష డాలర్ల రుసుము విధించు ప్రకటన వెలువడెను. తమ పిల్లలు ఆ వీసాతో అమెరికా చేరుదురని చదువులకై అప్పులు చేసిన తెలుగు ఇండ్లలో ఆ రాత్రి నిద్ర లేదు. ఒక పంక్తిలో భుజించినంత మాత్రమున మాట నిలుచునను నమ్మకము పెద్దవారికే లేనప్పుడు, చిన్నవారు దాని నాశ్రయించుట ఎట్లు?

నేతపనివారు చట్టమునే మార్పించిన ఉదాహరణము చరిత్రలో లేకపోలేదు. భారతదేశపు అద్దకపు బట్టలు తమ నోటికూడు తీయుచున్నవని 1719లో లండను నేతగాండ్రు వీధులకెక్కిరి. అంతకు ముందే 1700లో దిగుమతిని అరికట్టిన పార్లమెంటు, 1721లో ఆ బట్టలు కట్టుటనే నిషేధించెను. వారి గెలుపు మచిలీపట్టణపు సాలెవానికి దెబ్బ యయ్యెను. కావున గట్టిగా అరచినవానికే న్యాయమనుటయు సరికాదు. ఉత్తరువునకు ముందే లాభనష్టములు పొందువారందరి మాట బహిరంగముగా వినవలెననుటయే సరియైన పాఠము.

అట్టి వినికిడి అసాధ్యము కాదు. వస్త్రములపై జీఎస్టీని అయిదునుండి పండ్రెండునకు 2022 జనవరి 1 నుండి పెంచదలచినపుడు గుజరాతు, తమిళనాడు, తెలంగాణ మున్నగు రాష్ట్రములు పక్షభేదము లేక వలదనెను. 2021 డిసెంబరు 31న మండలి సమావేశమై ఆ పెంపును నిలిపివేసెను. మండలిలో రాష్ట్రములకు పీఠమున్నది గనుక అది సాధ్యమయ్యెను. పీఠమున్నచోట బంగారు పీఠముతో పనిలేదు.

కావలసినవి పెద్ద కోరికలు కావు. నూలుపై, బట్టపై, బీడీపై, గల్ఫు కూలిపై ఏ ఉత్తరువు వెలువరింపదలచినను దాని ముసాయిదాను తెలుగులో ప్రకటించి, అధికారులు సిరిసిల్లకు, కోరుట్లకు, జగిత్యాలకు వచ్చి వినవలెను. ప్రభుత్వము చీరలు కొనదలచినచో రెండు మూడేండ్ల పని ముందుగా నిశ్చయించి, డబ్బు చెల్లించు గడువును ఒప్పందములోనే వ్రాసి, ప్రభుత్వము మారినను అది మారకుండునట్లు చూడవలెను. అటు సాంచెలవారును తమవంతు చేయవలెను. యజమాని, ఆసామి, కార్మికుడు మూడు గుంపులుగా మూడు మహజరులు పట్టుకొని ముగ్గురు నాయకుల వాకిళ్లలో నిలుచున్నంత కాలము వారి మాట మూడవవంతు బలముతోనే వినబడును. ఒకే కొనుగోలుదారుని నమ్ముకొన్న ఊరు ఎంత గొప్ప కొనుగోలుదారుని నమ్ముకొన్నను ఊపిరి బిగబట్టియే యుండును; బయటి అంగడికి తగిన బట్ట నేయు దారి కూడ ఇప్పుడే వెదకవలెను.

వచ్చు ఎన్నికలలో ఎవరు గెలిచినను సిరిసిల్లకు మరల ఒక వాగ్దానము వచ్చును. ఆ వాగ్దానము చేయువానిని ఊరివారు అడుగదగిన ప్రశ్న యొక్కటే. "మీరు దిగిపోయిన మరునాడు మా సాంచె నడచునా?" అవునని వ్రాతమూలకముగా చెప్పగలిగినదే విధానము. తక్కినదంతయు ఫర్మానాయే.