కాగితం చచ్చిందా? అట్ట బ్రతికిందా?

మొన్న ఆదివారం మన సంఘం పఠన మందిరంలో కుర్రవాళ్లు వాదులాడుకుంటున్నారు. "సెల్‌ఫోన్లు వచ్చి కాగితం వ్యాపారం చచ్చింది" అని ఒకరు; "మరి ఇంటింటికీ వచ్చే ఈ అట్టపెట్టెలో?" అని మరొకరు. కాగితాల మధ్యనే జుట్టు నెరిసిన గుమాస్తాలము గనుక తీర్పు మమ్మల్ని చెప్పమన్నారు. లెక్కలు చక్కగా వ్రాసి ఉంచే ఐరోపా దేశాలనే సాక్షిగా పిలిచాము.

15వ శతాబ్దంలో ఇంగ్లండు తనకు కావలసిన కాగితంలో చాలాభాగం ఇటలీ, ఫ్రాన్సుల నుంచి కొనేది. అప్పటి కాగితం చింకిగుడ్డలతో చేసేవారు. 19వ శతాబ్దంలో కర్రగుజ్జు వాడుకలోకి రాగానే బేరం ఉత్తరానికి తిరిగింది. అడవులున్న స్వీడన్, ఫిన్లండు అమ్మే దేశాలయినవి. బ్రిటన్ కొనే దేశంగానే ఉన్నది. జర్మనీ చిత్రం వేరు. ఐరోపాలో అందరికంటె ఎక్కువ తయారుచేసేదీ అదే, భారీగా కొనేదీ అదే.

ఇంతవరకు సులభమే. ఏటికీ ఏటికీ పోల్చబోతేనే చిక్కులు.

మొదటిది, కొలత. 2022లో ఇంధనం ధరతోపాటు కాగితం ధర కూడా మండిపోయినది. డబ్బులో చూస్తే వ్యాపారం పెరిగినట్లుంటుంది. టన్నుల్లో చూస్తే ఆ ఏడు ఐరోపా మిల్లుల ఉత్పత్తి తగ్గినది.

రెండవది, సరిహద్దు. 1993లో చెకొస్లొవేకియా రెండు దేశాలయినది. నిన్న పక్క ఊరికి పోయిన బండి నేడు ఎగుమతి పద్దులో చేరినది! స్వీడన్, ఫిన్లండు 1995లో ఐరోపా యూనియన్‌లో చేరగానే, జర్మనీకి వారు పంపే సరుకు "బయటి వ్యాపారం" కాస్తా "లోపలి వ్యాపారం" అయినది.

మూడవది, రెండు చిట్టాలు. అమ్మినవాడు రేవుదాకా ఖరీదు వ్రాస్తాడు. కొన్నవాడు ఓడ కిరాయి, భీమా కలిపి వ్రాస్తాడు. రెండూ ఎన్నటికీ ఒకటి కావు.

ఇవన్నీ గుమాస్తా చాదస్తాలనుకోకండి. చాలాకాలం క్రితం ఒక కచేరీలో మేమే ఒక ఏడు రీముల్లోనూ, మరుసటి ఏడు దస్తాల్లోనూ ఉన్న పద్దులను సరిచూడక పోల్చి, వాడకం పెరిగిపోయినదని నివేదించాము. పైవారు ఇండెంటు కోసివేసినారు. కాగితం లేక కొందరి పెన్షను ఫైళ్లు నెలరోజులు ఆగినవి. ఆ ముసలివారు వచ్చి మా బల్లముందు నిలబడిన దృశ్యం ఇప్పటికీ మరువలేము.

సరే, తీర్పు. ఒకే కొలతతో, టన్నుల్లో చూస్తే, సుమారు 2008 నుంచి ఐరోపాలో అచ్చు కాగితం తగ్గుతూ వచ్చినది. పెట్టెల అట్ట వాటా పెరుగుతూ వచ్చినది. ఫిన్లండులో కైపోలా కాగితపు మిల్లు 2020 చివర మూతపడినది; సుమారు 450 మంది పనులు పోయినవి. అదే దేశంలో ఔలు మిల్లు అచ్చు కాగితం మాని, 2021లో పెట్టెల అట్టకు మారినది. మొత్తం పద్దులో ఈ రెండూ కలిసిపోతే కైపోలా కుటుంబాల కష్టం కనబడదు.

కనుక కుర్రవాళ్లిద్దరూ సగం సగం గెలిచినట్లే. ఇకమీదట ఎవరైనా "పెరిగింది, తగ్గింది" అంటే, "ఏ కొలతలో, ఏ సరిహద్దులో, ఎవరి చిట్టాలో?" అని అడగండి నాయనలారా. జవాబు వచ్చాకే పందెం కాయండి.